కాపరి ఫోనులో సంఘం

తెలుగు నేల మీద చాలా సంఘాలు ఇప్పుడు రెండు చోట్ల కూడుతున్నాయి. ఆదివారం మందిరంలో, మిగిలిన ఆరు రోజులూ వాట్సాప్‌లో. తెల్లవారకముందే పాస్టరుగారి నుంచి ఆనాటి వాగ్దానం వస్తుంది. మధ్యాహ్నం ఎవరి ఆపరేషన్ కోసమో ప్రార్థన మనవి, రాత్రి ఉపవాస కూటానికి లైవ్ లింకు. కరోనా వల్ల 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఆ ఏడు ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరుకు మందిరాల తలుపులు మూసే ఉన్నాయి. జూన్ 8 నుంచి ప్రార్థనాలయాలు తెరవవచ్చని కేంద్రం అనుమతించే నాటికి, మైకు తప్ప మరో యంత్రం ఎరగని చిన్న సంఘాలు కూడా సెల్‌ఫోన్ స్టాండు, యూట్యూబ్ ఛానల్ సమకూర్చుకున్నాయి. తలుపులు తెరుచుకున్నాక కూడా ఆ అలవాటు ఆగలేదు. ఆగవలసిన అవసరమూ లేదు.

అయితే ఈ రెండో కూటానికి కట్టుబాట్లు ఎవరూ రాసుకోలేదు. పాస్టరు ఎవరికి విడిగా మెసేజ్ పెట్టవచ్చు? విశ్వాసి చెప్పుకున్న కష్టం ఎంతమంది చెవిన పడవచ్చు? బాప్తిస్మం వీడియో ఎవరి అనుమతితో యూట్యూబ్ ఎక్కాలి? బదిలీ అయిన అయ్యగారు పాత సంఘం గ్రూపులో కొనసాగవచ్చా? ఇవన్నీ ఆయా మనుషుల మంచితనానికి వదిలేశాం. ఈ ప్రశ్నల మీద ఇప్పటిదాకా వేర్వేరు సంఘాలు ఏం ఆలోచించాయి, అందులో మనకు పనికొచ్చేది ఎంత అన్నది ఇక్కడ పరిశీలిస్తాను. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. హద్దు పాటించే భారం కాపరిది, దాన్ని రాతలో పెట్టే బాధ్యత సంఘానిది. విశ్వాసి మీద, అందులోనూ వయసులో ఉన్న ఆడపిల్లల మీద, ఆ బరువు మోపడం అన్యాయం.

ఈ విషయాన్ని తొలినాళ్లలోనే పట్టించుకున్నవారిలో కతోలికులు ఉన్నారు. 2002 ఫిబ్రవరిలో, అంటే ఫేస్‌బుక్ పుట్టడానికి రెండేళ్ల ముందే, వాటికన్ సామాజిక ప్రసారాల మండలి ఇంటర్నెట్ మీద రెండు పత్రాలు వెలువరించింది. ఇంటర్నెట్ ద్వారా సంస్కారాలు జరగవని అప్పుడే తేల్చింది. 2010లో పోప్ 16వ బెనెడిక్ట్ తన ప్రపంచ ప్రసార దినోత్సవ సందేశాన్ని గురువులకే కేటాయించారు. డిజిటల్ లోకంలోకి వెళ్లమని ప్రోత్సహిస్తూనే, అక్కడ గురువులో సాంకేతిక నేర్పు కన్నా గురుత్వ హృదయం ముందు కనబడాలన్నారు. రెండేళ్ల తర్వాత, 2012 డిసెంబరు 12న, ఆయన పేరిట తొలి ట్వీట్ వెలువడింది. అమెరికా కతోలిక బిషప్పుల సమాఖ్య కూడా 2010లోనే ఆచరణకు పనికొచ్చే సూచనలు ఇచ్చింది. విచారణ (పారిష్) పేరిట నడిచే ప్రతి పేజీకి కనీసం ఇద్దరు నిర్వాహకులు ఉండాలని, పిల్లలతో సంప్రదింపులు తల్లిదండ్రుల అనుమతితోనే సాగాలని వాటిలో ఉంది. వాటికన్ ప్రసార విభాగం 2023 మే 28 తేదీతో వెలువరించిన సుదీర్ఘ పత్రం మరో అడుగు వేసింది. సోషల్ మీడియాలో వాదులాటలకు, విభజనకు కారణమవుతున్నవారిలో బిషప్పులూ పాస్టర్లూ ఉన్నారని దాపరికం లేకుండా ఒప్పుకుంది. ఒక మత పీఠం తన గురువుల గురించి బాహాటంగా ఆ మాట రాయడం చిన్న విషయం కాదు.

ఇంగ్లండు సంఘం 2019 జులై 1న తన డిజిటల్ నియమావళిని ప్రకటించింది. అప్పటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ లండన్‌లోని ఫేస్‌బుక్ కార్యాలయం నుంచే దాన్ని విడుదల చేశారు. భద్రత, గౌరవం, దయ, నిజాయితీ, విభేదించినా మర్యాదగా విభేదించడం వంటి తొమ్మిది సూత్రాలు అందులో ఉన్నాయి. మంచివే. కాని అవి అందరికీ ఒకే రకంగా చెప్పిన సూత్రాలు. కాపరికీ విశ్వాసికీ మధ్య ఉన్న ఎత్తుపల్లాల గురించి అవి పెద్దగా మాట్లాడవు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఆ చిక్కును గట్టిగా పట్టుకున్నది అమెరికా ప్రొటెస్టెంట్ రచయిత్రి, పాస్టరు మేరీ ఫార్చ్యూన్. ఆమె 1977లో సియాటిల్‌లో స్థాపించిన కేంద్రమే తర్వాత ఫెయిత్ ట్రస్ట్ ఇన్‌స్టిట్యూట్ అయింది. 1989లో వచ్చిన 'ఈజ్ నథింగ్ సేక్రెడ్?' అనే పుస్తకంలో ఆమె వాదన సూటిగా ఉంటుంది. కాపరికి అధికారం ఉంది, ఆశ్రయించి వచ్చిన మనిషికి లేదు. అంచేత ఆ ఇద్దరి మధ్య ఏదైనా గీత దాటితే, 'ఆమె కూడా ఒప్పుకుంది కదా' అనే మాట చెల్లదు. స్మార్ట్‌ఫోన్ రాకముందు చేసిన ఈ వాదన ఫోనుకు మరింత బాగా వర్తిస్తుంది. ఎపిస్కోపల్ సంఘం డయోసీసుల్లో వాడుకలో ఉన్న సోషల్ మీడియా మార్గదర్శకాలు దీన్నే ఒక చిన్న నియమంగా మార్చాయి. పెద్దలు యవనస్తులకు ఫ్రెండ్ రిక్వెస్టు పంపకూడదు, ఎందుకంటే కాదనే స్థితిలో వాళ్లు ఉండకపోవచ్చు. పదిహేడేళ్ల అమ్మాయికి పాస్టరుగారి నుంచి ఇన్‌స్టాగ్రామ్ రిక్వెస్టు వచ్చిందనుకోండి. తిరస్కరిస్తే ఆదివారం ఆయన ముఖం ఎలా చూడాలి, ఇంట్లో అమ్మ ఏమంటుంది? ఇంత ఆలోచన ఆ పిల్ల మీద పెట్టడం తప్పని ఆ నియమం గుర్తించింది. నేను చూసిన మార్గదర్శకాలన్నిటిలో తెలుగు సంఘాలు యథాతథంగా తీసుకోదగ్గది ఇదే.

సువార్తిక సంఘాల్లో ఇంకో సంప్రదాయం ఉంది. 1948లో కాలిఫోర్నియాలోని మొడెస్టోలో బిల్లీ గ్రాహం, ఆయన సహచరులు నాలుగు విషయాల్లో జాగ్రత్తగా ఉండాలని తీర్మానించుకున్నారు. డబ్బు, స్త్రీలతో మెలగడం, స్థానిక సంఘాలను విమర్శించడం, హాజరు సంఖ్యలను పెంచి చెప్పడం. ఈనాటి యూట్యూబ్ పరిచర్యను పరిశీలించడానికి ఇంతకన్నా మంచి పట్టీ దొరకదు. స్క్రీను మీద క్యూఆర్ కోడ్, ఇన్‌బాక్స్‌లో విడి సంభాషణలు, మరో బోధకుణ్ణి ఉతికి ఆరేసే వీడియోలు, వ్యూస్ లెక్క. నాలుగూ ఇక్కడ ఉన్నాయి. కాని మనవాళ్లు ఆ నాలుగింటిలో ఒక్క రెండోదాన్నే పట్టుకున్నారు, అదీ స్త్రీకి దూరంగా ఉండాలనే అర్థంలో. ఫలితంగా స్త్రీని ప్రమాదంగా చూసే పద్ధతి వచ్చింది. మన మందిరాల్లో ఎక్కువగా కనిపించేది స్త్రీలే. భర్త తాగి కొడుతున్నాడని, అత్తింట్లో వేధిస్తున్నారని ఎవరితో చెప్పుకోవాలి వాళ్లు? కాపరి తలుపు మూసుకోవడం పరిష్కారం అవదు. తలుపు తెరిచి ఉంచి, లోపల ఇంకో మనిషి ఉండేలా చూడడం పరిష్కారం. ఫోనులో దానికి సమానమైనది సులువే: పాస్టరమ్మగారు, లేదా స్త్రీల సమాజం నుంచి సంఘం ఎంచుకున్న ఒక పెద్దావిడ కూడా ఉండే ముగ్గురి గ్రూపు.

వ్యక్తిగత నియమం ఒక్కటే సరిపోదనడానికి రవి జకరయాస్ ఉదంతం ఉంది. తెలుగు క్రైస్తవులు కూడా ఎంతో ఆదరించిన ఆ ప్రసంగీకుడు 2020 మేలో మరణించారు. ఆయన సంస్థ నియమించిన న్యాయవాద సంస్థ 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక, ఆయన ఫోన్లను పరిశీలించి, ఏళ్ల తరబడి సాగిన లైంగిక దుష్ప్రవర్తనకు ఆధారాలు బయటపెట్టింది. అంత పెద్ద సంస్థలో ఆయన ఫోను గురించి అడిగే అధికారం ఎవరికీ లేకపోయింది. నియమం పెట్టినవాడు, పాటించవలసినవాడు, తనిఖీ చేసేవాడు ఒకే మనిషి అయితే ఎంత మంచి నియమమైనా కాగితం మీదే మిగులుతుంది.

పైన చెప్పిన సాహిత్యంలో చాలాభాగం ఫేస్‌బుక్ పేజీలను, ఫ్రెండ్ రిక్వెస్టులను దృష్టిలో పెట్టుకుని రాసింది. మన సంఘం నడిచేది వాట్సాప్ మీద. అక్కడ ఎక్కువగా జరిగే తప్పు సరసపు మెసేజ్ అనుకుంటే పొరపాటు. రోజూ, మంచి ఉద్దేశంతో, ప్రార్థన పేరిట జరిగే తప్పు ఒకటుంది. ఫలానా సహోదరికి గర్భసంచిలో గడ్డ, ఫలానా వారి అబ్బాయి మత్తుకు బానిసయ్యాడు, ఫలానా దంపతులు విడిపోయేలా ఉన్నారు, అందరూ ప్రార్థించండి. పక్కనే పేరు, ఒక్కోసారి ఆస్పత్రి మంచం మీద ఫొటో, మెడికల్ రిపోర్టు. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా ఉండవచ్చు. వాళ్లలో ఒక్కరు ఫార్వర్డ్ చేస్తే చాలు, పెళ్లి సంబంధం వెతుకుతున్న పక్క ఊరి బంధువు చేతికి చేరుతుంది. మెసేజ్‌లకు ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అంటారు. అది బయటివాళ్ల నుంచి కాపాడుతుంది, గ్రూపులో ఉన్నవాళ్ల నుంచి కాపాడదు. పాస్టరుకు చెప్పుకున్న మనిషి ఆయన ఒక్కరికే చెప్పుకున్నారు. గ్రూపులో పెట్టాలంటే మళ్లీ అడగాలి: పేరు పెట్టమంటారా, జబ్బు చెప్పమంటారా, ఎన్నాళ్లు ఉంచమంటారు? 'ఒక కుటుంబం కోసం' అని రాసినా దేవుడికి అర్థమవుతుందని నమ్మేవాళ్లం మనం. వివరాలు కావలసింది ఆయనకు కాదు కదా.

ఇదే గ్రూపులో ఇంకో నష్టం ఎవరూ పట్టించుకోరు. మామూలు వాట్సాప్ గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరి ఫోన్ నంబరు అందరికీ కనిపిస్తుంది. సండే స్కూల్ టీచరుగా సేవ చేస్తున్న కాలేజీ అమ్మాయికి రాత్రి పది దాటాక తెలియని నంబర్ల నుంచి హాయ్‌లు వస్తాయి, అవి ఎక్కడి నుంచి మొదలయ్యాయో ఆమెకు తెలుసు, బయటికి చెప్పదు. 2022 చివరలో వచ్చిన కమ్యూనిటీ సదుపాయంలో ప్రకటనల గ్రూపు ఉంటుంది. అందులో తోటి సభ్యులకు మన నంబరు కనిపించదు, నిర్వాహకులే రాయగలరు. సంఘ ప్రకటనలకు అది చాలు.

కష్టం చెప్పుకోవడం నుంచి ఒప్పుకోలుకు వస్తే విషయం ఇంకా బరువెక్కుతుంది. కతోలికుల్లో పాపసంకీర్తన రహస్యాన్ని ఏ విధంగానూ బయటపెట్టకూడదని తిరుసభ చట్టంలోని 983వ నిబంధన శాసిస్తుంది. కరోనా కాలంలో ఫోనులో పాపసంకీర్తనం చేయవచ్చా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, సంబంధిత వాటికన్ విభాగం అప్పటి అధిపతి కార్డినల్ మౌరో పియాచెంజా 2020 డిసెంబరులో, అలా ఇచ్చిన పాపవిమోచనం బహుశా చెల్లదని చెప్పారు. ప్రొటెస్టెంట్లకు ఆ సంస్కారం లేదు, ఆ కట్టడీ లేదు. అందుకే మన విశ్వాసులు పాస్టరుగారికి వాయిస్ మెసేజ్‌లో తమ జీవితమంతా చెప్పేసుకుంటారు. అది ఆయన ఫోనులో ఉండిపోతుంది. ఆ ఫోనుతో ఆయన పిల్లలు ఆటలు ఆడుకుంటారు, లైవ్ పెట్టే కుర్రాడికి పాస్‌వర్డ్ తెలుసు.

చట్టం ఈ రహస్యాన్ని కాపాడుతుందని ఎవరూ అనుకోవద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ న్యాయవాదికి కక్షిదారు చెప్పిన మాటకు, భార్యాభర్తల మధ్య మాటకు రక్షణ ఇచ్చింది. గురువుకు విశ్వాసి చెప్పిన మాటకు ఇవ్వలేదు. పాత సాక్ష్య చట్టంలోనూ లేదు. చాట్ సాక్ష్యంగా కోర్టుకు వెళ్లవచ్చు. ఇంకోవైపు, పిల్లలపై లైంగిక దాడి జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. పాస్టరుకు మినహాయింపు లేదు. 'ఎవరికీ చెప్పనని మాటివ్వండి' అని మెసేజ్ వచ్చినప్పుడు, వెంటనే మాట ఇచ్చేయకూడదన్న సంగతి ప్రతి కాపరికీ తెలియాలి. పిల్లల ప్రాణం, మానం ముప్పులో ఉంటే దాచలేనని ముందే చెప్పడం నిజాయితీ.

ఇక లైవ్ ప్రసారాలు. విదేశీ మార్గదర్శకాల్లో దొరకని, మన దగ్గర మాత్రమే ఉన్న ప్రమాదం ఇక్కడ ఉంది. కాలువ గట్టున బాప్తిస్మం ఇస్తూ తీసిన వీడియో, పేరు, ఊరు చెప్పించిన సాక్ష్యం యూట్యూబ్‌లో ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. ఎస్సీ విశ్వాసులకు అవి చిక్కు తెచ్చిపెట్టవచ్చు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు, ఆ రిజర్వేషన్ ఒక్క శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా ఉన్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేరని తీర్పు చెప్పింది. ఆ ఉత్తర్వు ధర్మమా కాదా అన్నది వేరే పెద్ద చర్చ. క్రైస్తవుల పట్ల అది అన్యాయమని నేను నమ్ముతాను. కాని నమ్మకం సంగతి ఎలా ఉన్నా, మందిరంలో వెనక వరుసలో కూర్చున్న మనిషి ముఖం కెమెరాకు చిక్కితే దాని పర్యవసానం ఆమె ఉద్యోగం మీద, పిల్లల చదువు మీద, ఇంట్లో శాంతి మీద పడుతుంది. ఆ నిర్ణయం ఆమెది. కెమెరా పట్టుకున్న యవనస్తుడిది కాదు, వ్యూస్ చూసుకునే పాస్టరుగారిదీ కాదు. కెమెరాను పులిపీఠం వైపే తిప్పి ఉంచడం, ప్రసారంలో కనిపించని కొన్ని వరుసలు ఎక్కడో ముందే ప్రకటించడం, బాప్తిస్మం, స్వస్థత సాక్ష్యాలకు సంతకంతో అనుమతి తీసుకోవడం, అడిగితే వీడియో తీసేయడం. వీటికి ఖర్చేమీ లేదు. మైనర్ల విషయంలోనైతే 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల అనుమతిని ప్రధానంగా చెబుతోంది. సంఘం తరఫున పేర్లు, నంబర్లు, ఫొటోలు పోగు చేసేవారు ఆ చట్టాన్ని ఒకసారి చదవాలి.

హద్దులు కాపరినీ కాపాడాలి. అర్ధరాత్రి రెండింటికి మెసేజ్ పెట్టి, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు అని ఆదివారం నిలదీసేవాళ్లున్నారు. అమ్మగారు స్టేటస్‌లో పెట్టిన చీర ఫొటో చూసి కానుకల లెక్క అడిగేవాళ్లున్నారు. కాపరి పిల్లల రీల్స్ మీద తీర్పులు చెప్పేవాళ్లున్నారు. తప్పు చేసిన సహోదరుణ్ణి ముందు ఒంటరిగా కలిసి మాట్లాడమని మత్తయి సువార్త 18వ అధ్యాయం నేర్పుతుంది. అది పాస్టరు మీద కోపం వచ్చిన విశ్వాసికీ వర్తిస్తుంది, గ్రూపులో విశ్వాసిని పేరు పెట్టకుండా దెప్పే పాస్టరుకూ వర్తిస్తుంది.

వేళల విషయంలో మాత్రం నగరాల్లో రాసిన నియమాలను కళ్లు మూసుకుని తెచ్చుకోవద్దు. గోదావరి జిల్లాల నుంచి, కడప ప్రాంతం నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్న తల్లులకు పని ముగిసేసరికి మనకు అర్ధరాత్రి దాటుతుంది. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఫోను చేతికి దొరికేదే ఆ కాసేపు, ఇంటి భాషలో ప్రార్థించే గొంతు వినబడేదీ అప్పుడే. తొమ్మిది తర్వాత మెసేజ్‌లు చూడను అనే నియమం అలాంటి తల్లిని ఒంటరిని చేస్తుంది. వారంలో ఒకటి రెండు రాత్రులు వంతులవారీగా సంఘ పెద్దలు, స్త్రీల సమాజం వాళ్లు ఆ ఫోను ఎత్తితే కాపరికి నిద్ర ఉంటుంది, ఆమెకు తోడు ఉంటుంది. అన్ని ఫోన్లూ ఒక్కరే ఎత్తాలన్న ఆశ దగ్గరే చాలా హద్దులు చెరిగిపోతున్నాయి.

బదిలీల సంగతి చిన్నదే గాని తగాదాలు ఎక్కువ. సీఎస్ఐ, లూథరన్ సంఘాల్లో అయ్యగారు మారుతుంటారు. వెళ్లినవారు పాత గ్రూపులో ఉండి పెళ్లిళ్లకు, సంస్మరణ కూటాలకు సలహాలిస్తుంటే కొత్తవారు కుదురుకోలేరు. వీడ్కోలు నాడే గ్రూపు నుంచి బయటికి రావడం మర్యాద. వ్యక్తిగత స్నేహాలు ఎవరూ తెంచుకోనక్కర్లేదు. రాజకీయాల విషయంలోనూ హద్దు కావాలి. 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం ప్రార్థనాలయ ప్రాంగణాన్ని రాజకీయ కార్యకలాపాలకు వాడకూడదంటుంది. ఆ చట్టం రాసిన రోజున వాట్సాప్ లేదు, కాని సంఘం గ్రూపులో పార్టీ వీడియో పెట్టే కాపరికి ఆ చట్టం ఉద్దేశం అర్థం కాకపోదు.

డబ్బు దగ్గర ఒక్క మాటే. కానుకలు, దశమభాగాలు సంఘం పేరిట ఉన్న ఖాతాకే వెళ్లాలి. పాస్టరు సొంత నంబరుకు యూపీఐ పంపే అలవాటు ఉన్నచోట, ఆయన ఫొటోతో నకిలీ ఖాతా తెరిచి డబ్బు అడిగే మోసగాడి పని సులువవుతుంది.

ఇవన్నీ అమలు చేయించేది ఎవరు? సీఎస్ఐ డయోసీసులకు, ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘానికి, తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశానికి, కతోలిక పీఠాలకు పైన ఒక వ్యవస్థ ఉంది. ఒక సర్క్యులర్‌తో పని మొదలవుతుంది. స్వతంత్ర సంఘాల్లో అది లేదు. స్థాపించింది పాస్టరు, ఛానల్ ఆయన పేరు మీద, గ్రూపు అడ్మిన్ ఆయనే, ఖాతా ఆయన కుటుంబానిది. అలాంటి చోట ఫిర్యాదు చేయాలంటే ఆయన మీద ఆయనకే చేయాలి. ఈ పరిస్థితి కొనసాగినంత కాలం హద్దుల గురించి ఎన్ని సెమినార్లు పెట్టినా ఫలితం ఉండదని నా నిశ్చితాభిప్రాయం. ఛానల్‌కు, గ్రూపుకు ఇద్దరు ముగ్గురు నిర్వాహకులు ఉండి, వారిలో కనీసం ఒకరు పాస్టరు కుటుంబానికి చెందని స్త్రీ అయితే సగం సమస్య తగ్గుతుంది. హైదరాబాదులోని ఆంధ్రా క్రైస్తవ వేదాంత కళాశాల మొదలుకొని చిన్న చిన్న బైబిలు శిక్షణ కేంద్రాల దాకా, ప్రసంగం ఎలా చేయాలో నేర్పేవారు ఫోను ఎలా వాడాలో కూడా పాఠంగా నేర్పాలి.

సంఘ పెద్దలకు నా విన్నపం: వచ్చే కమిటీ సమావేశంలో ఒక పేజీ నియమాలు రాయండి. రాసేటప్పుడు యవనస్తుల నుంచి ఒకరిని, స్త్రీల సమాజం నుంచి ఇద్దరిని కూర్చోబెట్టండి. ఫిర్యాదు ఎవరికి చేయాలో పేరు, నంబరుతో సహా అందులో ఉంచండి. ఆదివారం చదివి వినిపించి, నోటీసు బోర్డు మీద అంటించండి. విశ్వాసులకు ఒక మాట. మీ మందిరంలో అలాంటి కాగితం లేకపోతే అడగండి. కాపరి మీద అనుమానంతో అడుగుతున్నారని ఎవరైనా అంటే జంకకండి. సభ్యులుగా అది మీ హక్కు.